ఏ అప్పలస్వామి?

రీసర్వే వాళ్లు మా పొలానికి వచ్చిన రోజు నాన్న ఇనప్పెట్టెలోంచి 1948 నాటి క్రయ దస్తావేజు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గట్టు మీదికి పట్టుకొచ్చారు. రాజాం దగ్గర, మొత్తం 62 సెంట్లు. సర్వేయరు కుర్రాడు ఆ కాగితాన్ని మడతల దగ్గర చిరక్కుండా మెల్లగా విప్పి హద్దులు చదివాడు. “తూర్పు: అప్పలస్వామి గారి జిరాయితీ భూమి.” తలెత్తి చుట్టూ చూశాడు. “ఏ అప్పలస్వామండీ?”

గట్టు మీద నిలబడ్డవాళ్లలోనే ఇద్దరు అప్పలస్వాములున్నారు. మూడో ఆయన అప్పుడే సైకిల్ దిగుతున్నాడు. మా వైపు అంతే. సింహాచలం అప్పన్నకి మొక్కుకోని ఇల్లుండదు, ఇంటికో అప్పలస్వామో అప్పలనాయుడో అప్పలనరసమ్మో ఉండి తీరతారు. 1948లో ఆ మాట రాసిన దస్తావేజు రైటరుకి మాత్రం ఏ అనుమానమూ వచ్చి ఉండదు. ఆ రోజు ఆయన చుట్టూ కూర్చున్న అందరికీ తూర్పు గట్టు అప్పలస్వామి అంటే ఒక్కడే.

అదే కాగితం మీద ఊరి పేరు పక్కన “విశాఖపట్నం జిల్లా” అని ఉంది. అదీ తప్పేం కాదు. శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950 ఆగస్టు 15న. ఆ తర్వాత డెబ్బై ఏళ్ల పైచిలుకు మేం శ్రీకాకుళం జిల్లా వాళ్లం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ విడదీసి కలిపినప్పుడు రాజాం విజయనగరం వైపు వచ్చింది. పొలం అంగుళం కదలకుండానే మూడు జిల్లాలు చూసింది.

సాయంత్రం విజయనగరం తిరిగొచ్చి ఫోన్ తీస్తే, ఆదివారాలు మా ఇంటికి సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోడానికి వచ్చే పిల్లల్లో ఒకడు స్క్రీన్‌షాట్ పంపి ఉన్నాడు. నిండా ఎర్ర అక్షరాలు. కింద అతని మాట: “బేస్ క్లాస్‌లో ఆ ఫంక్షన్ ఉంది కదా మేడమ్, లేదంటదేటి ఇది?” టెంప్లేట్ రాశాడు, అందులో ఒక పేరు వాడాడు, ఆ పేరు ఎవరిదో, కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్‌కి తెలియలేదు. పొద్దున్నంతా విన్న ప్రశ్నే. నాకు నవ్వొచ్చింది గానీ, ఆ అబ్బాయికి అప్పుడు నవ్వే ఓపిక లేదు. మర్నాడు ల్యాబ్ పరీక్ష.

ఆ రాత్రి అతనికి ఫోన్లో చెప్పిన దాని కంటే ఎక్కువ చెప్పాలని చాలా రోజులుగా ఉంది. నా పట్టుదల ఇది: టెంప్లేట్‌లో రాసిన పేరుకి అర్థం, అది రాసిన చోటే తేలిపోవాలి. వాడుకునేవాడి దగ్గర్నుంచి రావాల్సిన పేర్లుంటే, రాసినవాళ్లు నోరు తెరిచి అడగాలి. సీ ప్లస్ ప్లస్ ఇందులో మొదటి సగం సరిగ్గా చేసింది. ఆ సగాన్నే జనం తిడతారు. రెండో సగంలో మొహమాటపడింది. దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా ఏమీ అనరు.

టెంప్లేట్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజు రైటర్ల దగ్గర అచ్చు ఫారాలుంటాయి చూడండి, అలాంటిదే. అందులో కొన్ని మాటలు ముందే అచ్చయి ఉంటాయి: “సదరు ఆస్తి”, “నా వారసులు గాని”, “ఈ దిగువ షెడ్యూలులో చెప్పిన”. కొన్ని చోట్ల ఖాళీలుంటాయి. ఖాళీలో ఎవరి పేరు రాస్తే అది వాళ్ల దస్తావేజు అవుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఆ ఖాళీ పేరు చాలాసార్లు ‘టి’. టి బదులు ఇంట్ (పూర్ణ సంఖ్య) పెడితే ఒక ఫంక్షన్, డబుల్ (దశాంశ సంఖ్య) పెడితే ఇంకో ఫంక్షన్. కంపైలరే వాటిని తయారుచేస్తుంది.

ఇక అసలు చిక్కు. అచ్చు మాటల్లో ఒక పేరు కనబడితే అది ఎవరిదో ఎప్పుడు వెతకాలి? ఫారం అచ్చేసిన రోజా, ఖాళీ నింపిన రోజా?

1998లో వచ్చిన సీ ప్లస్ ప్లస్ ప్రమాణం, అంటే ఆ భాష నియమాల పుస్తకం, “రెండుసార్లు” అంది. ఖాళీతో సంబంధం లేని పేర్లన్నీ టెంప్లేట్ రాసిన చోటే వెతుకు, అక్కడ కనబడకపోతే అక్కడే తప్పు చూపించు. ఖాళీ మీద ఆధారపడిన పేర్లని మాత్రం టి ఏమిటో తెలిసేదాకా ఆపు. దీన్నే టూ ఫేజ్ లుకప్ అంటారు. చెప్పడానికి ఇంతే. దీన్ని మొదటి నుంచీ పట్టించుకోని కంపైలర్ ఒకటి ఉండేది, నా మొదటి ఉద్యోగం దానితోనే.

విశాఖలో ఓ చిన్న కంపెనీ. వేబ్రిడ్జిలకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. లారీ కాటా ఎక్కుతుంది, సెన్సర్లు బరువు చెప్తాయి, ప్రింటర్లోంచి తూకం చీటీ వస్తుంది. అన్నీ విండోస్ మీద నడిచేవి. 2009లో లైసెన్సు ఖర్చు తగ్గించుకోడానికి కొన్నిటిని లినక్స్‌కి మార్చాలన్నారు. కొత్తగా చేరిన నాకు అంటగట్టారు. రెండు వారాలు ఎర్రర్లతో కుస్తీ పట్టాను. అవి పోయాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది.

పలాస వైపు జీడిపిక్కల వ్యాపారి దగ్గర కొత్త మిషన్ పెట్టాం. అక్కడ పిక్కల లెక్క 80 కిలోల బస్తాల్లో నడుస్తుంది, ఒక కిలో అటూ ఇటూ అయినా అడుగుతారు. పాత మిషన్ ఇంకా తీసెయ్యలేదు, కొన్నాళ్లు రెండూ పక్కపక్కనే నడిపారు. నాలుగో రోజు గుమస్తా ఫోన్ చేశాడు. “ఏటమ్మా, లారీ ఒకటే, కాటా ఒకటే, చీటీలేటి రెండు లెక్కలు సెప్తన్నాయి?” ఒకదానిలో నికరం 8,133 కిలోలు. ఇంకోదానిలో 8,135.

దానికి కారణమైన కోడ్‌ని తెలుగులో రాసి చూపిస్తాను. ఏ కంపైలర్‌కీ ఇవ్వకండి.

డబుల్ సరిచేయి(డబుల్ కిలోలు);
ఇంట్ ఖాళీ_బరువు;

టెంప్లేట్ <టి>
డబుల్ నికరం(టి నిండు_బరువు) {
    తిరిగివ్వు సరిచేయి(నిండు_బరువు) - సరిచేయి(ఖాళీ_బరువు);
}

ఇంట్ సరిచేయి(ఇంట్ కిలోలు);

పైనున్న సరిచేయి, సెన్సర్ నుంచి దశాంశాలతో వచ్చే బరువుని దగ్గర్లోని 5 కిలోలకి సర్దుతుంది. కిందున్నది పూర్ణ సంఖ్యల కోసం రాసింది, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తిరిగిస్తుంది. రెండూ వేరే వేరే హెడర్ ఫైళ్లలో (మిగతా ఫైళ్లు తమలో కలుపుకునేవి) ఉండేవి. కిందిది టెంప్లేట్ తర్వాత చేరింది.

ఆ లారీ నిండు బరువు 12,345.6. సర్దితే 12,345. ఖాళీ బరువు 4,212, అది ఇంట్. రెండో పిలుపులో టి అనే మాటే లేదు, కాబట్టి ప్రమాణం ప్రకారం ఆ పేరు రాసిన చోటే తేలిపోవాలి. ఆ చోట కనబడే సరిచేయి ఒక్కటే, డబుల్‌ది. 4,212 కాస్తా 4,210 అయింది. నికరం 8,135. లినక్స్ మీద జీసీసీ అనే కంపైలర్ చేసింది ఇదే. 2004లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచీ అది ఈ విషయంలో కచ్చితంగా ఉంది. విండోస్ మీద మైక్రోసాఫ్ట్ కంపైలర్ మాత్రం టెంప్లేట్ ఒళ్లంతా మాటల మూటలా కట్టి పక్కన పెట్టుకునేది. ఎవరో వాడినప్పుడు మూట విప్పి, అప్పుడు పేర్లన్నీ వెతికేది. అప్పటికి కింది సరిచేయి కూడా వచ్చేసి ఉంటుంది. ఇంట్‌కి అదే బాగా సరిపోతుంది. 4,212 అలాగే ఉంది. నికరం 8,133.

ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రెండు కంపైలర్లూ రాత్రి హాయిగా నిద్రపోయాయి. నాకే టెన్షన్.

వ్యాపారికి కావాల్సిన లెక్క విండోస్‌దే అన్నది నిజం. దాంతో నా పక్క టేబుల్ సీనియర్ వెంటనే తీర్పు చెప్పేశాడు. “చూశావా, జీసీసీ చాదస్తం. ప్రోగ్రాం మొత్తం కళ్ల ముందున్నాక వెతికితే సరైనది దొరుకుతుంది కదా. ముందే వెతకడం దేనికి?” ఆ వాదన ఇప్పటికీ వింటుంటాను, తెలివైనవాళ్ల నోటి నుంచే. పైకి సబబుగానే ఉంటుంది. ఆ రోజు నాకు జవాబు తట్టలేదు. హెడర్ల వరస మార్చి, రెండో సరిచేయిని టెంప్లేట్ పైకి తెచ్చి, పని కానిచ్చాను.

ఆ మార్పులోనే జవాబు ఉందని తర్వాత తెలిసింది. ప్రోగ్రాం మొత్తం కళ్ల ముందుంది అంటే ఎవరి కళ్ల ముందు? వాడుకునే ఫైలు కళ్ల ముందు. ఒక ఫైలు కింది హెడర్‌ని కలుపుకుంటుంది, ఇంకో ఫైలు కలుపుకోదు. అదే టెంప్లేట్, అదే డబుల్, అయినా ఒక ఫైల్లో 4,212, ఇంకో ఫైల్లో 4,210. చివర్లో, ఫైళ్లన్నీ కలిపి ఒక ప్రోగ్రాం చేసే లింకర్ వచ్చి, “రెండూ ఒకటే పేరు కదా” అని ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేస్తుంది. దేన్ని ఉంచుకుంటుందో మీరు ఒట్టేసి చెప్పలేరు. ఇలాంటి ప్రోగ్రాం తప్పే, కానీ ఆ తప్పు చూపించాల్సిన బాధ్యత కంపైలర్‌కి లేదు అని ప్రమాణంలోనే రాసుకున్నారు. మా దస్తావేజులో తూర్పు హద్దుని చదివినవాళ్ల బట్టి మార్చుకుంటూ పోయినట్టు. ఈ ఏడాది చదివితే ఈ అప్పలస్వామి, మీ అబ్బాయి చదివితే ఆ అప్పలస్వామి.

అంటే ఆ రోజు విండోస్ చీటీ సరైన లెక్క చూపించడం అదృష్టం. ఆ అదృష్టానికి మా ఆఫీసులో పెట్టిన పేరు తెలివితేటలు. మైక్రోసాఫ్ట్ కూడా 2017లో విజువల్ స్టూడియో 15.3తో రెండుసార్లు వెతికే పద్ధతికి వచ్చింది, అదీ కచ్చితత్వం కోరే స్విచ్ పెట్టుకుంటేనే. ప్రమాణం వచ్చి అప్పటికి పందొమ్మిదేళ్లు. ఈలోపు ఒక తరం ప్రోగ్రామర్లు “వాడే చోట వెతుకుతుంది” అనే నమ్మకంతో కోడ్ రాసి రిటైర్‌మెంట్ దాకా వచ్చేశారు.

తెలుగువాళ్లకి ఈ సమస్య కొత్తగా చెప్పక్కర్లేదు. “నేను రేపు వస్తానని చెప్పాడు” అంటాం. ఇందులో ‘నేను’ ఎవరు? వాక్యం చెప్తున్న మనం కాదు, మొదట ఆ మాట అన్నవాడు. ‘నేను’ పుట్టిన చోటి అర్థాన్నే పట్టుకుని వచ్చింది, మన నోట్లోకి వచ్చినా మారలేదు. మరి ‘రేపు’? తమ్ముడు నిన్న అన్నాడు, అమ్మ ఇవాళ చెప్తోంది. రేపు అంటే ఇవాళా, నిజంగా రేపా? అందుకే “ఎప్పుడన్నాడు?” అని అడుగుతాం. ఒకే వాక్యంలో ఒక మాట రాసిన చోటిది, ఇంకో మాట ఎక్కడిదో తేలనిది. మనకి అడిగే వీలుంది. కంపైలర్ అడగదు, ఒకదాన్ని ఎంచుకుని పోతుంది. దానికి ముందే చెప్పి పెట్టాలి.

మొదటి సగం గురించి ఇక వాదించను. రెండో సగానికి వస్తాను. నా కోపమంతా అక్కడే.

ఖాళీ మీద ఆధారపడిన పిలుపులున్నాయి కదా, సరిచేయి(నిండు_బరువు) లాంటివి. టి తెలిశాక వాటిని ఎక్కడ వెతకాలి? రాసిన చోట కనబడ్డవి ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు, ఆ వస్తువు ఏ నేమ్‌స్పేస్‌లో పుట్టిందో అక్కడికి కూడా వెళ్లి అడుగుతుంది. నేమ్‌స్పేస్ అంటే పేర్లకి ఊరు లాంటిది. దీన్ని ఆర్గ్యుమెంట్ డిపెండెంట్ లుకప్ అంటారు. ఆండ్రూ కోనిగ్ పేరు మీద కోనిగ్ లుకప్ అనడం కూడా ఉంది. ఇంటికొచ్చిన చుట్టం తన ఊరి మాటల్ని తనతో తెచ్చుకున్నట్టు అన్నమాట. తెలంగాణ నుంచి వచ్చిన వియ్యంకుడు ‘గుంట’ అంటే ఎకరంలో నలభయ్యో వంతు. మా నాన్నకి గుంట అంటే నీళ్లు నిలిచే చోటు, పొలం కొలత సెంట్లలోనే. ఎవరి మాట ఎవరి నిఘంటువులో వెతకాలో ముందే అనుకోకపోతే కౌలు కాగితం మీద కొట్లాటే.

ఈ ఏర్పాటు ఎందుకు పెట్టారో నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. ఎవరో తమ నేమ్‌స్పేస్‌లో ఒక తేదీ క్లాస్ (సొంతంగా తయారుచేసుకున్న డేటా రకం) రాసి, దాన్ని తెర మీదికి పంపే ఆపరేటర్ (ఒక గుర్తుతో పిలిచే ఫంక్షన్) కూడా అక్కడే రాశారనుకోండి. నా టెంప్లేట్‌లో ఆ వస్తువుని బాణాల గుర్తుతో అచ్చుకి పంపితే, ఆ ఆపరేటర్ నాకు కనబడాలి. నేను టెంప్లేట్ రాసిన రోజుకి ఆ తేదీ క్లాసే పుట్టలేదు. బాణాల గుర్తు ముందు ఊరి పేరు తగిలించి రాయడం ఎవరివల్లా కాదు. వస్తువు ఊరికి వెళ్లి వెతక్కపోతే ఈ పని జరగదు. ఒప్పుకుంటాను.

కానీ ఆపరేటర్ల కోసం తెరిచిన తలుపులోంచి మామూలు పేర్లన్నీ వచ్చేశాయి. నా ఫంక్షన్‌కి డిస్టెన్స్ అని పేరు పెట్టుకుని, రెడీమేడ్ కోడ్ ఉండే స్టాండర్డ్ లైబ్రరీ వస్తువుల్ని దానికిచ్చి చూడండి. పిలవకుండానే స్టాండర్డ్ లైబ్రరీ డిస్టెన్స్ కూడా వచ్చి వరసలో నిలబడుతుంది. ఒక్కోసారి అదే గెలుస్తుంది. నేను పిలిచింది మా ఇంటి అప్పలస్వామిని, పలికింది పక్క ఊరాయన. దీన్ని ఆపడానికి పేరు ముందు పూర్తి చిరునామా రాయాలి, లేదా ఫంక్షన్ పేరు చుట్టూ బ్రాకెట్లు పెట్టాలి. బ్రాకెట్లు పెడితే ఈ వెతుకులాట ఆగిపోతుందని ఎంతమందికి తెలుసు? నాకు తెలియడానికే ఆరేళ్లు పట్టింది.

ఇంకో వైపు నుంచి కూడా కొడుతుంది. ఇంట్‌కి ఊరు లేదు. డబుల్‌కీ లేదు. అవి ఏ నేమ్‌స్పేస్‌లోనూ పుట్టలేదు, భాషతో పాటే వచ్చాయి. కాబట్టి రెండో దశలో వాటి తరఫున వెళ్లి వెతకడానికి చోటే లేదు. “ఖాళీ_బరువుని కూడా టెంప్లేట్ పారామీటర్ చేసేస్తే పోయేది కదా” అని ఆదివారం పిల్లలు అడుగుతారు. పోదు. అప్పుడు పేరు రెండో దశకి వెళ్తుంది, కానీ అక్కడ ఇంట్ తరఫున చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. మళ్లీ రాసిన చోట దొరికిన డబుల్ సరిచేయే గతి, మళ్లీ 4,210. అదే బరువుకి మనం ఓ క్లాస్ రాసి నేమ్‌స్పేస్‌లో పెట్టి, దాని సరిచేయి కూడా అక్కడే పెడితే, కింద ఎక్కడో రాసినా పలుకుతుంది. ఒకే టెంప్లేట్, ఒకే పిలుపు, క్లాస్ అయితే ఒక న్యాయం, ఇంట్ అయితే ఇంకో న్యాయం. దీన్ని కొత్తవాళ్లకి నేర్పుతున్నప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకోవాలనిపిస్తుంది.

స్టాండర్డ్ లైబ్రరీలో రెండు విలువల్ని జతగా పెట్టే ‘పెయిర్’తో వచ్చే చిక్కు కూడా ఈ కుటుంబానిదే. రెండు ఇంట్‌ల పెయిర్‌ని అచ్చువేసే ఆపరేటర్‌ని మన ఫైల్లో రాస్తాం. ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్‌లో వాడితే పనిచేస్తుంది. అదే పెయిర్‌లని లైబ్రరీ కాపీ ఫంక్షన్‌తో, అవుట్‌పుట్ ఇటరేటర్‌తో అచ్చువెయ్యమంటే కుదరదు. పెయిర్‌ది స్టాండర్డ్ ఊరు, లోపలి ఇంట్‌లకి ఊరే లేదు, మన ఆపరేటర్ ఉన్న వీధికి ఎవరూ రారు. మెయిన్‌లో పలికింది అక్కడ ఎందుకు పలకదో చెప్పడానికి ఒక పూర్తి ఆదివారం పోయింది. మధ్యలో మా అమ్మ పెసరట్లు వేసి పెట్టింది కాబట్టి పిల్లలు ఓపిగ్గా కూర్చున్నారు.

స్క్రీన్‌షాట్ పంపిన అబ్బాయి గొడవ వేరు, అది మొదటి సగానికి చెందింది. అతను బేస్ క్లాస్ (పిల్ల క్లాస్‌కి తన ఫంక్షన్లని వారసత్వంగా ఇచ్చేది) కూడా టెంప్లేటే రాశాడు, టి మీద ఆధారపడేది. పిల్ల క్లాస్‌లో బేస్‌లోని ఫంక్షన్‌ని ఉట్టి పేరుతో పిలిచాడు. ఆ పిలుపులో టి ఏమీ లేదు, కాబట్టి రాసిన చోటే తేలాలి. బేస్‌లో చూడొచ్చు కదా? చూడకూడదు. ఎందుకంటే రేపు ఎవరైనా ఒకానొక టి కోసం ఆ బేస్‌ని స్పెషలైజ్ చేసి, అంటే ఆ ఒక్క టికి వేరేగా రాసి, ఆ ఫంక్షన్ లేకుండా రాయొచ్చు. బేస్ లోపల ఏముందో టి తెలిసేదాకా ఎవరికీ తెలియదు. “దిస్ బాణం” (this->) పెట్టి పిలువు అన్నాను. అప్పుడు ఆ పిలుపు టి మీద ఆధారపడినట్టు లెక్క, రెండో దశకి వెళ్లి బేస్‌లో వెతుకుతుంది. యూజింగ్ అని రాసి, ఆ పేరు బేస్‌దేనని ముందే చెప్పినా సరే.

“ఇంత చిన్నదానికి ఇంత గోలేటి మేడమ్?” అన్నాడు. నిజానికి ఆ అబ్బాయి అదృష్టవంతుడు, ఎర్రర్ వచ్చింది. అదే పేరుతో బయట ఒక గ్లోబల్ ఫంక్షన్ ఉండి ఉంటే, చడీచప్పుడు లేకుండా దాన్ని పిలుచుకుని పోయేది, బేస్ మొహం కూడా చూడకుండా. ‘దిస్ బాణం’ పెట్టడాన్ని జనం చాకిరీ అనుకుంటారు. నాకది నచ్చుతుంది. “ఈ పేరు నాది కాదు, మా పెద్దవాళ్ల నుంచి రావాలి” అని రాసినవాళ్లు ఒప్పుకున్న సంతకం అది. నేను కోరేది మొత్తం అలా ఉండాలనే.

టైప్‌నేమ్ అని రాయాల్సిన మాట సంగతి కూడా ఇంతే, దాని మీద ఎక్కువ చెప్పను. టి లోపలి ఒక పేరు, పక్కన నక్షత్రం గుర్తు, ఆ పక్కన ఇంకో పేరు. అది గుణకారమా, పాయింటర్ (మెమొరీ చిరునామా దాచే పేరు) ప్రకటనా? టి తెలియకుండా చెప్పలేం, కాబట్టి అది టైప్ (డేటా రకం) అని ముందు టైప్‌నేమ్ రాసి మనమే చెప్పాలి. 2020 ప్రమాణంలో, టైప్ తప్ప ఇంకేదీ ఉండటానికి వీల్లేని చోట్ల ఈ మాట రాయక్కర్లేదన్నారు. మంచిదే.

అదే ప్రమాణంలో కాన్సెప్ట్స్ వచ్చాక “ఇక అన్నీ చక్కబడ్డాయి” అన్నవాళ్లున్నారు. టి ఏమేం చెయ్యగలగాలో ముందే రాసుకునే వీలు అది. రాసుకోండి, మంచి పద్ధతి. కానీ టెంప్లేట్ ఒంట్లో ఉన్న పిలుపులు ఆ షరతుల్లో రాసినవాటితోనే ముడిపడవు. షరతుల్లో లేని పేరు వాడినా కంపైలర్ ఊరుకుంటుంది, వెతకడం మాత్రం పాత దారిలోనే. గేటు దగ్గర టికెట్ చూసి లోపల ఎవరు ఎక్కడ కూర్చున్నా పట్టించుకోనట్టు. రస్ట్ అనే భాష ఇక్కడ గట్టిగా నిలబడింది. ట్రెయిట్‌లో (అక్కడి షరతుల జాబితా) అడగనిది జెనరిక్ ఫంక్షన్ (అక్కడి టెంప్లేట్ లాంటిది) ఒంట్లో వాడితే, ఎవరూ దాన్ని వాడకముందే, రాసిన రోజే తప్పు చూపిస్తుంది.

డి భాషలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. అక్కడ మామూలు టెంప్లేట్‌లో పేర్లు ప్రకటించిన చోటి స్కోప్‌లోనే (పేర్లు కనబడే పరిధి) తేలతాయి. వాడే చోటి పేర్లు కావాలంటే మిక్సిన్ అనే మాట రాసి, ఆ టెంప్లేట్ ఒళ్లంతా వాడే చోటులో కలుపుకోవాలి. రెండు పద్ధతులు, రెండు పేర్లు. చదివేవాళ్లకి ఏది నడుస్తోందో కంటికి కనబడుతుంది. నిమ్ భాష ఇంకా సూక్ష్మానికి వెళ్లింది. జెనరిక్ లోపల ఒక్కొక్క పేరుకి విడిగా చెప్పొచ్చు: బైండ్ అంటే ఇక్కడే ముడి వెయ్యి, మిక్సిన్ అంటే వాడే చోట కూడా వెతుకు. ఇక దాని టెంప్లేట్‌ల లోపల పుట్టే వేరియబుల్ పేర్లు మామూలుగా బయటికి కారవు. అన్నీ కారాలని మీరే అనుకుంటే డర్టీ అని గుర్తు పెట్టొచ్చు. భాష తయారుచేసినవాళ్లు ఆ మాటే ఎంచుకున్నందుకు నాకు వాళ్ల మీద గౌరవం. మురికి పని చేసుకోండి, కానీ దానికి మురికి అనే పేరు పెట్టి చేసుకోండి.

సీ ప్లస్ ప్లస్‌లో నిమ్ మిక్సిన్ లాంటి మాట ఒక్కటి ఉండి, ఉట్టి పేర్లకి వస్తువు ఊరికి వెళ్లే పద్ధతి అది రాస్తేనే నడిచేటట్టు ఉంటే, నేను మోసిన తలనొప్పుల్లో చాలా భాగం ఉండేది కాదు. ఆపరేటర్లకి మినహాయింపు ఇవ్వండి, గొడవ లేదు. ఇప్పుడు మార్చడం కుదరదని నాకూ తెలుసు, ఎన్ని కోట్ల లైన్ల కోడ్ విరిగిపోతుందో. కాకపోతే 2020 రేంజెస్ లైబ్రరీలో, రెండు విలువల్ని తారుమారు చేసే ‘స్వాప్’ని ఎలా రాశారో చూస్తే, ప్రమాణం రాసేవాళ్లకి కూడా ఇదే అనిపించిందని అర్థమవుతుంది. వస్తువు ఊరికి వెళ్లి వెతికే పనంతా ఒకే చోట, ఒక వస్తువు లోపల దాచి, బయటివాళ్లందరూ దాన్ని పూర్తి పేరుతో పిలిచేలా చేశారు. అడగాల్సింది ఉంటే ఆ ఒక్క కిటికీ దగ్గర అడగండి అన్నట్టు.

నా సొంత అలవాట్లు చెప్పమంటే, టెంప్లేట్ లోపల నా ఫంక్షన్‌ని పిలిస్తే పూర్తి చిరునామాతో పిలుస్తాను. బయటివాళ్లు ఇవ్వాల్సిన పని ఉంటే దాన్ని పారామీటర్‌గానే అడుగుతాను. ఉట్టి పేరు నా కోడ్‌లో కనబడితే, అది వాడేవాళ్లు మార్చుకోడానికి కావాలని వదిలిన తలుపు అని అర్థం. పైన ఓ కామెంట్ కూడా ఉంటుంది. సరిచేయి అని రెండు ఫంక్షన్లకి ఒకే పేరు పెట్టడం ఆ 2009తోనే మానేశాను. ఐదుకి_సర్దు, అలాగే_ఉంచు. అందంగా లేవు. పలాస గుమస్తా మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

ఊరి పేరు చెప్పుకోవడంలోనూ ఇదే అలవాటైంది. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ “మాది విజయనగరం” అంటే సగం మంది హంపీ రాళ్ల గురించి మొదలెట్టేవాళ్లు. 1713లో కట్టిన కోట మాదని, కృష్ణదేవరాయలు దాన్ని చూడలేదని చెప్పేసరికి టీ చల్లారిపోయేది. శ్రీకాకుళం వాళ్లకీ ఈ బాధ ఉంది, కృష్ణా జిల్లాలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం వేరే ఉంది మరి. ఇప్పుడు మొదటే “ఉత్తరాంధ్ర విజయనగరం” అంటున్నాను.

ఇంతకీ ఆ తూర్పు అప్పలస్వామి ఎవరో ఆ రోజు తేలింది. ఊళ్లో ఎనభై దాటిన ఒక ముసలాయన్ని కుర్చీ వేసి తీసుకొచ్చారు. చింతచెట్టు మొద్దు ఉన్న వైపు చెయ్యి చూపించి, “ఆల తాతదే” అన్నాడు, సైకిల్ మీద వచ్చిన మూడో ఆయన్ని చూపిస్తూ. 1948 నాటి స్కోప్‌లో మిగిలిన మనిషి ఆయనొక్కడే. సర్వేయరు యంత్రం నిలబెట్టి మూలలు కొలుచుకుని వెళ్లాడు.

కొన్ని నెలలకి కొత్త కాగితం వచ్చింది. పొలానికి ఎల్పీఎం నంబరు (ఒక్కో భూమి ముక్కకి విడిగా ఇచ్చేది) ఉంది, విస్తీర్ణం ఉంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని ముందూ వెనకా తిప్పి చూశారు.

“అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఇందులో అప్పలస్వామి పేరు లేదేటమ్మా?”

అక్కర్లేదు నాన్నా, నంబరుంది కదా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే కాగితం వెనక పెన్సిల్‌తో చిన్నగా రాసి ఉంది: తూర్పు – చింతమొద్దు అప్పలస్వామి మనవడు.